ఎర్రమ్మ పంచిన బిళ్లలు

ఉసిరిగుంపులో మీసాలొచ్చిన మగవాళ్లు కూడా ఎర్రమ్మ ఎదురైతే కాస్త తలొంచుకుని పక్కకు తప్పుకుంటారు. భయమేమీ కాదు. వాళ్లందరూ ఒకప్పుడు ఒంటి మీద నూలుపోగు లేకుండా ఆమె కాళ్ల మీద బోర్లా పడుకుని గుక్కపట్టి ఏడ్చినవాళ్లే. ఆ సంగతి ఆమె మరిచిపోదు, వాళ్లను మరిచిపోనివ్వదు.

మణుగూరు నుంచి అడవిలోకి పోయే దారిలో వాగు దాటాక వచ్చే చిన్న కోయగూడెం ఉసిరిగుంపు. అక్కడ ఎవరింట్లో కాన్పయినా, బొడ్డు ఊడిన దగ్గర్నుంచి బిడ్డ మెడ నిలిపేదాకా పొద్దున్నే నీళ్లు పోసేది ఎర్రమ్మే. అదొక పని అంటే ఆమెకు కోపం వస్తుంది. పని అంటే తునికాకు కోయడం, పత్తి ఏరడం. ఇది పని కాదు. కాగులో నీళ్లు మరిగించి, చన్నీళ్లు కలిపి, మోచెయ్యి ముంచి వేడి చూసుకుని, పీట మీద కూర్చుని కాళ్లు చాపుతుంది. బిడ్డ ఒంటికి ఇప్పనూనె రాస్తూ వాళ్ల వంశం మొత్తాన్నీ తిట్టిపోస్తుంది. ఈ ముక్కు మీ తాతదేరా, వాడి బుద్ధి మాత్రం రానియ్యకు అంటుంది. ఆ తిట్లు వింటూ బాలింత గోడకు చేరగిలబడి కునుకు తీస్తుంది. పసిబిడ్డ తల్లికి రోజంతటిలో దొరికే నిద్ర ఆ కాసేపే.

అలాంటి మనిషికి కిందటేడు చలికాలంలో ఏమైందో ఎవరికీ అంతుపట్టలేదు. మొగుడు పోయి ఏళ్లయింది, ఆ ఏడుపు ఎప్పుడో ఏడ్చేసింది. కొడుకు చిరంజీవి ట్రాలీ ఆటో నడుపుకుంటూ బుద్ధిగానే ఉన్నాడు. కోడలు కళావతిది నోరు కాస్త దురుసే గానీ మనసు వెన్న. ఆ ఏడు పంట కూడా పండింది. అయినా ఎర్రమ్మకు పొద్దున లేవబుద్ధి కాలేదు. అన్నం మట్టిలా అనిపించేది. ఏడవడానికి ఒక్క కారణమైనా దొరికితే బాగుండునని ఆమె వెతుక్కునేది, దొరికేది కాదు.

ఒకనాడు ఒక పసిదాన్ని కాళ్ల మీద వేసుకుని, చెంబు చేతిలో పట్టుకుని, అలాగే ఉండిపోయింది. ఎంతసేపు ఉండిపోయిందో ఆమెకే తెలియదు. నీళ్లు చల్లబడ్డాయి, నూనె రాసిన ఒళ్లు చలికి వణికింది, బిడ్డ ఏడుపుకి గోడవార కునుకుతున్న తల్లి ఉలిక్కిపడి లేచింది. బిడ్డను గుడ్డలో చుట్టుకుని ఒక్క మాట కూడా అనకుండా వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది. ఆ రోజు నుంచి మోకాళ్ల నొప్పులని చెప్పి ఎర్రమ్మ నీళ్లు పోయడం మానేసింది. మోకాళ్లకు ఏ నొప్పీ లేదు. తన చేతుల మీద తనకే నమ్మకం పోయింది.

ఊరి పెద్ద దూలయ్య ఎర్రమ్మకు వరసకు బావ, మొగుడి అన్న. ఆయన పూజలు చేసే వడ్డెను పిలిపించాడు, వేల్పులకు మొక్కించాడు. మొక్కు తీర్చిన రోజు ఎర్రమ్మ కాస్త తేలికపడింది గానీ తెల్లారేసరికి మళ్లీ మంచమే. చివరికి కళావతి అత్తను మొగుడి ఆటోలో ఎక్కించుకుని సర్కారు దవాఖానాకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ సుజన సత్తుపల్లి వైపు పిల్ల, ఉద్యోగానికి కొత్త. ఆమె ఎర్రమ్మను కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది, ఫోనులో పెద్ద డాక్టరుతో కూడా మాట్లాడించింది. ఇది దిగులు జబ్బు, నీ తప్పేమీ లేదు, రోజూ ఒక బిళ్ల వేసుకో, నేను ఆపమనేదాకా ఆపకు అని చెప్పి పంపింది.

తిరిగొస్తుంటే దారిలో కళావతి ఒక నిర్ణయానికి వచ్చేసింది.

"నరాల బలానికి ఇచ్చిండ్రని చెబ్దాం అత్తా. మనసు జబ్బంటే పిచ్చి అంటరు. పిచ్చి అన్నంక, బిడ్డను నీ కాళ్ల మీద ఎవరు పండబెడ్తరు?"

ఎర్రమ్మ తలూపింది. అబద్ధమని ఆమెకు అనిపించలేదు. బలం పోయిన మాట నిజమే కదా.

బిళ్లలు వెంటనే ఏమీ చేయలేదు. అమావాస్యలు పున్నములు గడిచాక ఒక పొద్దున పక్కింట్లోంచి ఇప్పనూనె వాసన వచ్చింది. ఆ వాసనకు ఎర్రమ్మకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. లేచి ఆ ఇంటికి తనే నడిచి వెళ్లి, పీట ఎక్కడుందని అడిగింది. బిడ్డ తల్లి ఒక్క క్షణం తటపటాయించి బిడ్డను ఇచ్చింది. ఆ రోజు ఎర్రమ్మ తిట్టిన తిట్లు మూడిళ్ల అవతలికి వినిపించాయని ఊరంతా సంబరపడింది. నరాల బిళ్లలు బాగా పనిచేశాయని అందరూ మెచ్చుకున్నారు.

వానాకాలం వచ్చింది. వాగు పొంగితే దారి ఉండదని సుజన ముందుగానే ఎక్కువ బిళ్లలు ఇచ్చి పంపింది. ఆ బిళ్లల అట్టలు బియ్యం కుండలో భద్రంగా ఉన్నాయి. అప్పుడు జ్వరాలు దిగాయి. మలేరియా లాంటి చలిజ్వరం కాదు. ఒళ్లంతా విరిచినట్టు నొప్పులు, గొంతు పట్టేయడం, ఆగని దగ్గు. ఇంటింటా మంచాలు పడ్డాయి. కళావతి పడింది, చిరంజీవి పడ్డాడు. ఎర్రమ్మకు మాత్రం ఒక పూట ఒళ్లు వెచ్చబడి, మర్నాటికి మామూలైపోయింది. ఆమే అందరికీ గంజి కాసి పోసింది.

ఊరు ఊరికే ఉంటుందా? లెక్కలు వేసింది. అందరికన్నా బక్కప్రాణం ఎర్రమ్మ, ఆమెకే జ్వరం రాలేదు. ఊళ్లో ఎవరూ తినని మందు ఎర్రమ్మ ఒక్కతే తింటోంది. ఇంకేముంది, తేలిపోయింది. దూలయ్య తువ్వాలు మెడకు చుట్టుకుని దగ్గుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. ఆయన అడగలేదు. అడగడం ఆయనకు చేతకాదు. ఊరంతా పడి ఉంది, నీకేమో వేల్పులు దయచూసిన్రు అని మాత్రం అని, దగ్గుతూ నేల చూస్తూ ఉండిపోయాడు.

ఇక్కడ ఆ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. విత్తనాల పండుగకు మగవాళ్లు వేటకు పోతే, తెచ్చిన మాంసాన్ని టేకాకుల మీద కుప్పలు పెట్టి ఇంటింటికీ సమంగా పంచుతారు. వేటకు పోయినవాడికీ అంతే, పోలేని ముసలివాడికీ అంతే. ఎర్రమ్మ మొగుడు పోయిన ఏడు మొదటి కుప్ప ఆమె ఇంటికే తెచ్చి ఇచ్చారు. అడవి ఇచ్చినది ఏదైనా ఒక్క ఇంట్లో దాచుకుని తినేవాళ్లను ఆ ఊళ్లో ఏమంటారో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఎర్రమ్మకు రెండే దారులు. ఈ బిళ్ల జ్వరానికి కాదని చెప్పాలంటే దేనికో చెప్పాలి. చెప్పకుండా దాచుకుంటే ఆ రాయకూడని మాట పడాలి. పైగా, తనకు జ్వరం తేలిగ్గా పోవడం బిళ్ల చలవేనేమో అని ఆమెకూ సగం నమ్మకం. కళావతి ఒళ్లు తెలియని జ్వరంలో ఉంది, అడ్డం పడేవాళ్లు లేరు. ఎర్రమ్మ వాకిట్లో టేకాకులు పరిచింది. బియ్యం కుండలోంచి అట్టలన్నీ తీసి, కత్తెరతో కత్తిరించి, ఇంటికొక వంతు పెట్టింది. పిల్లలకూ బాలింతలకూ ఇవ్వొద్దని మాత్రం గట్టిగా చెప్పింది. తన ఇంటికి పెట్టుకున్నది కూడా అందరితో సమానంగానే. మాంసం పంచినప్పుడు ఎంత శ్రద్ధగా కుప్పలు సరిచూస్తారో అంత శ్రద్ధగా సరిచూసింది పాపం.

వాటంతట అవి తగ్గాల్సిన రోజుకే జ్వరాలు తగ్గాయి. పేరు మాత్రం బిళ్లకు వచ్చింది. కొందరికి వాంతులయ్యాయి, కొందరికి నిద్ర పట్టలేదు, అది మందు గట్టిదని గుర్తుగా చెప్పుకున్నారు. జ్వరం దిగి లేచిన కళావతి సంగతి విని నెత్తి కొట్టుకుంది. బిళ్లలు తేవడానికి చిరంజీవిని తరిమింది. వాడు వాగు దాకా వెళ్లి, నడుముల పైకి పారుతున్న నీళ్లు చూసి తిరిగొచ్చాడు.

ఎర్రమ్మ వంతు ఎప్పుడో అయిపోయింది. మొదట తల తిప్పితే చాలు లోపల కరెంటు తగిలినట్టు జిల్లుమనేది. తర్వాత ఊరికే ఏడుపు వచ్చేది. ఆ తర్వాత ఒక పొద్దున కాగు కింద మంట పెట్టి, ఎందుకు పెట్టానా అని దాని వంకే చూస్తూ కూర్చుంది. ఆ చీకటి దారి ఆమెకు తెలుసు, దాని మొదటి మలుపు ఇదే. అప్పటికి ఆమె నీళ్లు పోస్తున్నది దూలయ్య చిన్నకోడలు భూదేవి కన్న ఆడబిడ్డకు. మర్నాడు భూదేవి బిడ్డను తెచ్చేసరికి ఎర్రమ్మ తలుపు దగ్గరేసుకుని, నాకు ఒంట్లో బాగాలేదు, నువ్వే పోసుకో బిడ్డా అని లోపల్నుంచే చెప్పింది.

దూలయ్యకు జ్వరం తగ్గలేదు. దగ్గు ఛాతీలోకి దిగింది. నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. ఎలాగో వాగు దాటించి మంచం మీద మోసుకుపోదామని కొడుకులంటే ఆయన ఒప్పుకోలేదు. ఊరందరితో పాటు తన వంతు మందు తను తిన్నాడు, ఊరందరితో పాటే తనకూ తగ్గుతుంది, అంతే.

వాగులో నీళ్లు తీసిన రోజు ట్రాక్టరు మీద సుజన, నర్సమ్మ మందుల పెట్టెలతో వచ్చి బడి వరండాలో కూర్చున్నారు. దూలయ్యను అక్కడికి నడిపించి తెచ్చారు. సుజన ఆయన వేలికి చిన్న యంత్రం తగిలించి, అందులో అంకె చూసి ముఖం ముడుచుకుంది. వెంటనే భద్రాచలం పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలంది. ఆయన తల అడ్డంగా ఊపాడు. ఇప్పటిదాకా ఏం మందు వేసుకున్నావు తాతా అని ఆమె అడిగితే, నడుముకు చెక్కుకున్న ఖాళీ అట్ట ముక్క తీసి చూపించాడు.

సుజన ఆ ముక్కను చూసింది, గుంపు చివర నిలబడ్డ ఎర్రమ్మను చూసింది. ఆమె పేరు మాత్రం ఎత్తలేదు. ఆ పిల్లలో ఉన్న మంచితనం అక్కడే తెలిసింది. ఇది జ్వరం మందు కాదు, దీన్ని నమ్ముకుని ఉండిపోవద్దు తాతా అని మాత్రం చెప్పింది. దూలయ్య నవ్వాడు. అందరికీ తగ్గింది కదమ్మా అన్నాడు. అంతమంది సాక్ష్యం ముందు డాక్టరమ్మ మాట చెల్లలేదు.

సుజన లేచి ఎర్రమ్మను బడి వెనక్కి తీసుకెళ్లింది. తిడుతుందనుకుని ఎర్రమ్మ బిగుసుకుపోయింది. సుజన ముందు ఆమె చెయ్యి పట్టుకుని, బిళ్లలు మానేసి ఎన్నాళ్లయింది, నిద్ర పడుతోందా, చచ్చిపోవాలనిపిస్తోందా అని మెల్లగా అడిగింది. అంతవరకూ అనిపించలేదంది ఎర్రమ్మ. సుజన సంచిలోంచి కొత్త అట్ట తీసి ఆమె చేతిలో పెట్టింది. అప్పుడు ఎర్రమ్మ తన మనసులో ఉన్నది అడిగింది. మరి నా జ్వరం ఒక్కపూటలో ఎట్ల పోయింది, ఆ బిళ్ల వల్లే కాదా అని.

సుజన వెంటనే కాదనలేదు. గోడకు ఆనుకుని, ఉన్నదున్నట్టు చెప్పింది.

"నాకు తెలియదమ్మా. నిజం చెప్పాలంటే ఇంకా ఎవరికీ గట్టిగా తెలియదు. ఒంట్లోకి వైరస్ వస్తే దాంతో పోరాడటానికి మనకు కావలి కణాలుంటాయి. ఒక్కోసారి అవి మరీ రెచ్చిపోతాయి. చేలో అడవిపంది పడిందని కావలివాడు నిప్పు పెడితే పందితో పాటు చేను కూడా కాలుతుంది చూడు, అట్లా. దిగులుకిచ్చే మందులు ఆ కణాల మీద కూడా పనిచేస్తాయనీ, కొన్ని మందులు వాటి కోపాన్ని తగ్గిస్తాయనీ కొందరు పరీక్షలు చేసి చెప్పారు. కరోనా అప్పుడు చాలామంది చూశారు. కొన్నిచోట్ల మేలు కనిపించింది, కొన్నిచోట్ల ఏమీ కనిపించలేదు. నీ విషయంలో బిళ్లే కాపాడిందేమో, నీకు ఇదివరకే ఆ జ్వరం వచ్చి ఒళ్లు అలవాటుపడిందేమో. ఒక్క మనిషిని చూసి చెప్పలేం."

ఎర్రమ్మకు అందులో సగమే అర్థమైంది. కానీ ఆ సగమూ ఆమెకు బాగా నచ్చింది. తన దిగులుకూ తన ఒంటి కావలికీ ఏదో చుట్టరికం ఉందన్నమాట. ఇన్నాళ్లూ ఆ జబ్బు తన తలలో తను కల్పించుకున్న పాడు ఆలోచనేమోనని లోలోపల సిగ్గుపడుతూ ఉండేది. అది నెత్తుటిలో, కణాల్లో కూడా ఉండే సంగతైతే అందులో సిగ్గుపడడానికి ఏముంది?

అయినా సిగ్గు అంత తేలిగ్గా పోదు. సుజన మళ్లీ అంది.

"నేనైతే నీ జబ్బు పేరు ఎవరికీ చెప్పను. అది నీ సొంత సంగతి. కానీ ఆ తాత నా మాట వినట్లేదు. ఇవాళ తీసుకెళ్లకపోతే ఆయన దక్కడం కష్టం."

ఎర్రమ్మ బడి ముందుకు వచ్చింది. వరండాలో ఊరంతా ఉంది. భూదేవి ఒళ్లో పసిదాన్ని పెట్టుకుని స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. తన కాళ్ల మీద పెరిగినవాళ్లూ, తన కాళ్ల మీద బిడ్డల్ని పెట్టినవాళ్లూ అందరూ ఆమె వంకే చూస్తున్నారు. నోరు తెరిస్తే రేపటి నుంచి ఆ కాళ్ల మీద ఎవరూ ఉండరు. నోరు తెరవకపోతే దూలయ్య ఉండడు. ఆమె నేరుగా వెళ్లి ఆయన ముందు నేల మీద కూర్చుంది.

"బావా, అది నరాల బిళ్ల కాదు, జరం బిళ్ల సుత కాదు. కిందటేడు నేను మంచం దిగలే చూసిండ్రు గద. నాకు మనసు చెడ్డది. మనసు జబ్బుకు ఇచ్చిన మందు అది. మీకందరికీ అబద్ధం చెప్పిన. నీకు తగ్గుతలేదు బావా, నువ్వు పోతున్నవ్. బండెక్కు."

దూలయ్య ఆమె ముఖంలోకి చాలాసేపు చూశాడు. తర్వాత తువ్వాలు భుజాన వేసుకుని, కొడుకు మెడ చుట్టూ చెయ్యి వేసి లేచాడు. ట్రాక్టరు ఎక్కేటప్పుడు వెనక్కి తిరిగి ఏదో అనబోయాడు గానీ దగ్గు తెర అడ్డం వచ్చింది. భూదేవి బిడ్డ మీద కొంగు కప్పుకుని, తల ఎత్తకుండా గబగబా ఇంటికి వెళ్లిపోయింది. ఎర్రమ్మ అది చూసింది. అనుకున్నదే అయిందనుకుంది.

దూలయ్యకు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారని, ఇంకొంచెం ఆలస్యమైతే చెయ్యి దాటిపోయేదని చిరంజీవి కబురు తెచ్చాడు. తర్వాత ఆయన లేచి కూర్చున్నాడని, ఆసుపత్రి పప్పులో ఉప్పు లేదని గొణుగుతున్నాడని తెలిసింది. ఆ మాట విన్నప్పుడు ఎర్రమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది. బిళ్లలు మళ్లీ మొదలుపెట్టింది. తలలో జిలజిల ఆగింది, నిద్ర పట్టింది. తక్కినది నెమ్మదిగా వస్తుందని ఆమెకు ఇప్పుడు తెలుసు.

రానిది బిడ్డలే. ఊళ్లో ఎవరూ ఆమెను వెలివేయలేదు, పలకరింపులు మానలేదు. కూరలు ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. కానీ పొద్దున్నే ఎవరి వాకిట్లో వాళ్లే, చేతకాకపోయినా, బిడ్డలకు నీళ్లు పోసుకుంటున్నారు. ఆ ఏడుపుల్లో తేడా ఎర్రమ్మకు ఇంట్లో కూర్చునే తెలిసేది. నీళ్లు మరీ వేడిగా ఉన్నాయనో, చెవిలోకి పోయాయనో తనలో తనే గొణుక్కునేది. కాగు కింద మంట మాత్రం మానలేదు. ఎవరికోసం కాస్తున్నవు అని కళావతి కసిరితే, నా ఒంటికేనని చెప్పేది. కళావతి పెరట్లోకి వెళ్లి ముక్కు చీదుకునేది. తను నేర్పిన అబద్ధమే ఇంత చేసిందని ఆ పిల్ల బాధ.

అలా ఒక పొద్దున, వాన వెలిసి ఎండ కాస్తున్నప్పుడు, భూదేవి వచ్చింది. బిడ్డను తెచ్చి ఎర్రమ్మ చేతుల్లో పెట్టింది. ఎందుకు తెచ్చావని ఎర్రమ్మ అడగలేదు. అడిగితే తీసుకుపోతుందేమోనని భయం. మోచేయి ముంచి వేడి చూసింది, ఒకటికి రెండుసార్లు చూసింది. కాళ్లు చాపి, నూనె రాసి, నీళ్లు పోయడం మొదలుపెట్టింది. ఈసారి తిట్లు రాలేదు. బిడ్డ మాత్రం పాత చుట్టాన్ని చూసినట్టు కాళ్లు తన్నుకుంటూ ఊఁ కొట్టింది.

భూదేవి అందరు బాలింతల్లా కునకలేదు. గోడవార కూర్చుని బిడ్డ వంక, ఎవరి బిడ్డనో చూస్తున్నట్టు చూస్తోంది. ఎర్రమ్మ బిడ్డను తుడిచి, పొగ పట్టి, గుడ్డలో చుట్టి అందించబోతే ఆమె చేతులు చాపలేదు. ఆ అమ్మాయి ముఖం ఇన్నాళ్లూ తనెందుకు సరిగ్గా చూడలేదా అని ఎర్రమ్మ తనను తనే తిట్టుకుంది.

"చిన్నత్తా, దీన్ని చూస్తే నాకు ఏమనిపిస్తలేదు. పుట్టినకాన్నుంచి గంతే. ముద్దు సుత వస్తలేదు. ఏం తల్లినని నా మీద నాకే రోత. ఎవరికన్న చెప్తే బిడ్డను గుంజుకుంటరని చెప్పలే. ఆ దినం నువ్వు మా మామకు చెప్తుంటే ఇన్న. ఇది గదే జబ్బా?"

"డాక్టరమ్మ చెప్తది బిడ్డా. ఇయ్యాలనే పోదాం, నేను సుత నీ ఎంబడి వస్త," అంది ఎర్రమ్మ. అని, నిద్రపోయిన పసిదాన్ని కళావతి చేతికిచ్చింది.

కాగులో ఇంకా వేడినీళ్లున్నాయి. భూదేవి చెయ్యి పట్టుకుని లేపి, అదే పీట మీద కూర్చోబెట్టి, జుట్టు ముడి విప్పి తలకు నూనె పెట్టింది. భూదేవి అప్పుడు ఏడవడం మొదలుపెట్టింది. ఎర్రమ్మ ఏడవొద్దని అనలేదు. పసిబిడ్డకు పోసినంత నెమ్మదిగా, చెంబు తర్వాత చెంబు, ఆ తల్లికి తలకు నీళ్లు పోసింది.